నూట ఒకటవ తెర

మాన్యులైన శ్రీ ఆర్విడ్ నైగార్డ్ గారి సముఖమునకు, అదే ఆర్విడ్ నైగార్డ్ నమస్కరించి వ్రాయునది.

అయ్యా, ఈ పుస్తకాన్ని తమరు తప్ప మరొకరు చదవరు. కనుక తేదీ వేయడం లేదు, ఊరి పేరు వ్రాయడం లేదు. రెండూ తమకు తెలిసినవే. ముప్పై ఎనిమిదేళ్లు ఈ ద్వీపపు బడిలో పిల్లలకు వాక్యం కట్టడం నేర్పినవాడు డెబ్బై నాలుగో ఏట తన కోసం తాను వాక్యాలు కట్టుకోవలసి వచ్చింది. ఒంట్లో జబ్బు లేదు. అలసట మాత్రం ఉన్నది. దానికి కారణం మంచుదారి సంఘం. దాని అధ్యక్షుడు తమరే.

పడవ ఆగడానికి మూడు వారాల ముందు, మంగళవారం

బడి బాయిలర్ గదిలో ఆరేళ్లుగా మూలుగుతున్న కంప్యూటరు నిన్న ప్రాణం విడిచింది. దానితోపాటు పలక కూడా ఆగిపోయింది.

పలక ఒకప్పుడు నిజంగా పలకే. రెండు ఒడ్డుల అంగళ్లలోనూ గోడకు కొట్టి ఉండేది. సరస్సు గడ్డకట్టిన తరువాత మంచు మీద బండి తోలుకొని దాటేవాడు తన ఇత్తడి బిళ్లను ఇవతల కొక్కేనికి తగిలించి వెళ్లేవాడు, అవతల చేరాక ఫోను చేయించి తీయించేవాడు. ఇప్పుడది కంప్యూటరులో పేజీ. పేరు మాత్రం పలకే. "బయలుదేరాను, ఇద్దరం, నీలం బండి" అని ఒకరు వ్రాస్తే అది ఆ క్షణంలోనే అందరి తెరల మీదా కనబడుతుంది. నలభై నిమిషాలలో "చేరాను" అన్న మాట రాకపోతే దారికాపరి ఓరిన్ హాకెన్సన్ మంచు మీదా నీటి మీదా నడిచే తన గాలిబండి తీసి వెతకబోతాడు. దారి తెరిచేదీ మూసేదీ కూడా ఓరినే.

సాయంత్రం సంఘం కూర్చున్నది. పలకను తయారుచేసిన టెస్ బెలాంజె నాలుగు పుటల కాగితం తెచ్చింది. అవతలి ఒడ్డు గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం ఆమెది. ఎనిమిదో తరగతిలో నా దగ్గర రెండుసార్లు కూర్చున్నది.

"పేజీ ఎక్కడైనా పెట్టుకోవచ్చు మాస్టారూ, దాంతో పేచీ లేదు," అన్నది. "తిప్పలన్నీ సందేశాలతోనే. తెరిచున్న ప్రతి తెర చెయ్యీ పట్టుకుని కూర్చోవాలి ఒక యంత్రం. మాట రాగానే అందరికీ ఒక్కసారే అందించాలి. దాన్ని ఎక్కడ ఉంచుదామన్నదే ఇప్పుడు తేల్చాలి."

బాయిలర్ గదిలోనే మరొక కంప్యూటరు పెట్టవచ్చునట. అయితే గాలికి కరెంటు పోయినప్పుడల్లా పలక కూడా పోతుంది, ఇన్నేళ్లూ పోతూనే ఉన్నది. లేదా ఏదో నగరంలో ఒక యంత్రాన్ని అద్దెకు తీసుకొని, సందేశాలు అందించే పనిని మనమే అందులో నడుపుకోవచ్చు. దాని బాగోగులు టెస్ చూసుకుంటుంది. మూడవది, ఆ పని మాత్రమే చేసే కంపెనీకి దానిని పూర్తిగా అప్పగించడం. మనం చేయవలసింది ఏమీ ఉండదు. వంద దాకా ఉచితం.

"నా ఓటు అద్దె యంత్రానికి," అన్నది టెస్. "పగ్గాలు మన చేతిలో ఉంటాయి."

ఓరిన్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "మాస్టారూ, నాకు సర్వరూ తెలీదు, గిర్వరూ తెలీదు. నేను 'మూశాను' అని కొడితే బండి తోలేవాడికి కనబడాలి. ఆ తర్వాత మీరు దాన్ని చంద్రమండలంలో పెట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు."

టెస్ కాగితంలో పదకొండు అక్షరదోషాలు ఉన్నాయి. ఎర్ర సిరాతో దిద్ది తిరిగి ఇచ్చాను.

అదే వారం, శుక్రవారం

మూడు రోజులుగా ఆ కంపెనీల పుస్తకాలు చదివాను. అద్దె యంత్రాల వారి వ్రాత చూస్తే కళ్లు మంటలెత్తాయి. క్రియ లేని వాక్యాలు, తలా తోకా లేని జాబితాలు. సందేశాలు మోసే కంపెనీలలో ఒకదాని పుస్తకం మాత్రం చక్కగా ఉన్నది. కర్త, కర్మ, క్రియ ఉండవలసిన చోట ఉన్నాయి. ఒక్క అరసున్న కూడా వృథాగా పడలేదు. ఇంత శ్రద్ధగా వ్రాసేవారు పనిని మాత్రం అశ్రద్ధగా చేస్తారా?

మన సభ్యులవి అరవై ఒక్క ఇళ్లు. వారి పరిమితి వంద. నిబంధనలు ప్రతి పంక్తీ చదివాను.

సోమవారం

సంఘం నా మాట ఒప్పుకున్నది. అయిదుగురు అటు, ఇద్దరు ఇటు. టెస్ ఏదో లెక్క గురించి అడిగింది. వ్రాయదగినంత విషయం కాదు.

ఖాతా నా పేరిట, నా తపాలా చిరునామాకు తెరిచాము. దాని తాళపుమాట నా దగ్గర ఉంటుంది.

పడవ ఆగిన రోజు

ఇక ఒడ్డు నుండి ఒడ్డుకు ఓరిన్ గాలిబండి ఒక్కటే దిక్కు, గడ్డ గట్టిపడే దాకా.

వెర్నా వంటగదిలో పలక తెరిచి కూర్చున్నది. వెర్నా నా అక్క. ఆమెకు డెబ్బై తొమ్మిది.

"దారే ఇంకా తెరవలేదు కదా, ఏం చూస్తున్నావు?" అన్నాను.

"ఖాళీగా ఉందని చూస్తున్నాన్రా. ఎవరో ఒకరు ఏదో ఒకటి రాస్తారు. చిన్నప్పుడు ఊరందరికీ ఒకే ఫోను తీగ ఉంటే అమ్మ ఫోను తీసి అందరి కబుర్లూ వినేది కాదూ, ఇదీ అంతే."

"అది దొంగతనం."

"ఇది కాదుగా మరి! అందుకే హాయిగా ఉంది."

మంచుదారి, మొదటి రోజు

గడ్డ పదకొండు అంగుళాలు. ఊళ్లో అందరూ పారేసిన క్రిస్మస్ చెట్లను ఓరిన్ ఎనభై గజాలకు ఒకటి చొప్పున మంచులో పాతుకుంటూ వెళ్లాడు. అవతలి ఒడ్డు దాకా రెండున్నర మైళ్ల పచ్చని గీత. ఉదయం ఎనిమిదికి పలక మీద "తెరిచాను" అని పడింది. వెనువెంటనే తొమ్మిది బళ్లు.

కనురెప్ప కొట్టేలోగా మాట అందుతున్నది. టెస్ ఫోను చేసింది. "బాగానే ఉంది మాస్టారూ."

"బాగున్నది అను, లేదా బాగు లేదు అను. ఆ 'నే' ఎందుకు?"

టెస్ నవ్వలేదు.

ఏడవ రోజు

పలక మీద వ్రాతలు దిద్దే అధికారం అధ్యక్షుడికి ఉన్నది. ఓరిన్ "గాలి లేస్తోంది జాగర్త" అని వ్రాస్తే, "నైరుతి గాలి బలపడుచున్నది, జాగ్రత్త వహింపవలెను" అని సవరించాను. అతడు ఇంటికే వచ్చాడు.

"మాస్టారూ, మీ వాక్యం పూర్తయ్యేలోపు నా బండి మునుగుద్ది."

ఇక దిద్దబోనని మాట ఇచ్చాను. కామాలు తప్ప.

పంతొమ్మిదవ రోజు

కంపెనీ నుండి జాబు. "మీరు మీ పరిమితికి చేరువలో ఉన్నారు, పై తరగతికి మారగలరు" అని. అమ్మకపు ఉత్తరం. భాష బాగున్నది. దాచాను.

ఇరవై ఆరవ రోజు

చలి. ఏమీ లేదు.

ముప్పై ఒకటవ రోజు

లొరెయిన్ దుషేన్ బండి మంచులో దిగబడింది. ఆమె బ్రతికి ఉన్నది.

ముప్పై రెండవ రోజు

లొరెయిన్ మాకు టపా తెచ్చే మనిషి. ఇరవై రెండేళ్లుగా తెస్తున్నది. నిన్న మధ్యాహ్నం గాలి మళ్లింది, దారి నడుమ చీలిక నోరు తెరిచింది. ఓరిన్ రెండు గంటల పది నిమిషాలకు "మూశాను" అని పెట్టాడు. నేను చూశాను, వెర్నా చూసింది, ఊరంతా చూసింది. రెండున్నరకు అవతలి ఒడ్డు నుండి లొరెయిన్ టపా సంచులతో బయలుదేరింది. మైలున్నర దాటాక బండి ముందు చక్రాలు దిగిపోయాయి. కిటికీలో నుండి బయటపడింది. నడుము దాకా తడిసిన బట్టలతో, ఒక సంచిని ఈడ్చుకుంటూ చెట్ల వెంట నడిచింది. పలక మీద ఆమె పేరు లేదు కనుక ఎవరూ వెతకలేదు. విరిగిన చెట్లను చూసి రావడానికి వెళ్లిన ఓరిన్‌కు కనబడింది. అంతే, కనబడింది.

ఆ సంచిలో నాకు వచ్చే మాసపత్రిక కూడా ఉన్నదట. ఓరిన్ తెచ్చి ఇచ్చాడు. అట్ట తడిసి, ఆరి, బిరుసెక్కింది.

"పలక చూసే బయల్దేరానంటోంది మాస్టారూ," అన్నాడు. "'తెరిచాను' అనే ఉందట. 'బయలుదేరాను' అని రాశానంటోంది కూడా. మరి మాకెవరికీ రాలేదుగా?"

"నువ్వేమంటావు?"

"నేనేమంటాను! పోయిన శీతాకాలం రెండుసార్లు రాయకుండానే దాటింది. అప్పుడు తిట్టాను కూడా."

అవును. ఆమె మరచిపోయే మనిషే. బడిలో ఉన్నప్పుడు కూడా ఏ కాగితం మీదా పేరు వ్రాసేది కాదు.

ముప్పై మూడవ రోజు

కంపెనీ నుండి మరొక జాబు. తెరవలేదు.

ముప్పై నాలుగవ రోజు

ఓరిన్ ఉత్తరంగా కొత్త గీత వేసి దారి మళ్లీ తెరిచాడు.

పలక మీద నేనొక ప్రకటన పెట్టాను: "సభ్యులు అవసరం లేనప్పుడు పలకను మూసివేయవలసినదిగా కోరడమైనది." పొందికగా ఉంటుందని. వేరే ఉద్దేశం లేదు.

"ఎందుకటా?" అన్నది వెర్నా.

"క్రమశిక్షణ."

"నా వంటగదిలో క్రమశిక్షణ నేను చూసుకుంటాలే. నీ గదిలో పొద్దున్నుంచీ తెరిచుందిగా, అది మూసుకో ముందు."

ముప్పై అయిదవ రోజు

సంఘం నియమం ఒకటి ఉన్నది. వ్రాసింది నేనే, పద్నాలుగేళ్ల క్రితం. "మూసిన దారిని దాటినవారి అనుమతి ఆ శీతాకాలమునకును, మరుసటి శీతాకాలమునకును రద్దగును." మంచి వాక్యం. ఎక్కడా సందు లేదు. మంచు దాటే అనుమతి లేని మనిషికి టపా పని ఉండదు. శనివారం ఓటు.

వెర్నా ఓరిన్ బండిలో దాటి, లొరెయిన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లి వచ్చింది. వచ్చాక కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"చలికి చచ్చుబడ్డాయని ఎడంకాలి వేళ్లు రెండు తీసేశారు. ఇంకోదాని సంగతి రేపు చెప్తారట."

"మాట్లాడిందా?"

"మాట్లాడకేం! నిన్నటి దాకా ఫోనులో ఒకటే పాట, 'చూశాను వెర్నా, తెరిచాననే ఉంది, నా కళ్లతో చూశాను' అని. ఇవాళ వేరే పాట. 'ఏమో వెర్నా, చూశాననుకున్నానేమో, కళ్లు ఎటో పోతున్నాయేమో, ఇక బండి తోలకూడదేమో' అంటోంది. యాభై ఆరేళ్లకే! దాని కళ్లకేం రోగం? నా సూదిలో దారం ఎక్కించేది అదే."

నేను తేనీరు కాచి ఇచ్చాను.

"నీ మొహమేంట్రా అలా ఉంది?"

"అలసట," అన్నాను.

ముప్పై ఆరవ రోజు

జాబు తెరిచాను.

అనుమతించినవి: వంద. వాడుకలో ఉన్నవి: వంద. తిరస్కరించినవి: పద్నాలుగు. లొరెయిన్ బండి దిగబడిన రోజున, రెండు గంటల పన్నెండు నిమిషాల నుండి రెండు యాభై ఒకటి వరకు.

పద్నాలుగు అన్నారు గాని, ఎవరెవరో చెప్పలేదు. ఎవరైనా కావచ్చును. లొరెయిన్ అందులో లేకపోవచ్చును కూడా.

ముప్పై ఆరవ రోజు, భోజనానంతరం

పై పేరా చివరి రెండు వాక్యాలు కొట్టివేయాలి. కొట్టివేయడం లేదు. ఎలా వ్రాశానో కనబడనీ.

సంగతి నాకు అర్థమైంది. ఫోనులో పలక తెరిస్తే ముందు కనబడేది ఆ ఫోను కడపటిసారి చూసిన మాట. ఉదయం ఇక్కడి నుండి వెళ్లేటప్పుడు లొరెయిన్ చూసింది "తెరిచాను." ఆ తరువాతి మాటలు రావాలంటే ఆ కంపెనీ యంత్రం ఆమె తెర చేయి పట్టుకోవాలి. వంద చేతులు పట్టుకొని ఉన్నది. నూట ఒకటవది ఆమెది. ఆమె వ్రాసిన "బయలుదేరాను" కూడా అందుకే ఎవరికీ అందలేదు. ఆమె ఫోనులోనే ఉండిపోయింది.

ఆ వంద ఎవరివి? ఇల్లంతా తిరిగాను. వంటగది టాబ్లెట్‌లో ఒకటి. కుట్టుగది పాత కంప్యూటరులో ఒకటి. వెర్నా ఫోనులో ఒకటి. నా గదిలో ఒకటి. ఆ రోజు రెండున్నరకు నేను నా గదిలోనే ఉన్నాను. పలక ఎదురుగా తెరిచి పెట్టుకొని, కుర్చీలో కునుకు తీస్తున్నాను.

నాలుగు చోట్లు. ఇద్దరు మనుషులు, ఎక్కడికీ వెళ్లనివారు.

సోమవారం సభలో టెస్ అడిగిన లెక్క వ్రాయదగినంత విషయం కాదని ఆనాడు వ్రాశాను. ఇప్పుడు వ్రాస్తున్నాను. లేచి నిలబడి అన్నది:

"మాస్టారూ, వాళ్లు చెప్పే వంద ఇళ్ల లెక్క కాదు, తెరల లెక్క. మనవాళ్లు పలకని రేడియోలాగా పొద్దస్తమానం వదిలేస్తారు, వంటింట్లో ఒకటి, బండిలో ఒకటి, పశువుల కొట్టంలో ఒకటి. గాలి లేచిన రోజు అందరూ ఒక్కసారే తెరుస్తారు, ఎవరు బయటున్నారా అని. ఆ రోజు నూటొకటో వాడికి తలుపు తియ్యరు. ఆ నూటొకటో వాడే మంచు మీద ఉంటాడు."

నేనన్నది: "ముందు నీ కాగితంలో పదకొండు తప్పులు సరిచేసుకొని రా. తరువాత నా లెక్క సరిచేద్దువుగాని."

అందరూ నవ్వారు. ఆమె కూర్చున్నది. ముప్పై నాలుగేళ్ల మనిషి, చెవులు ఎర్రబడి, ఎనిమిదో తరగతిలో కూర్చున్నట్టే.

నిబంధనలు ప్రతి పంక్తీ చదివానని కూడా వ్రాశాను. చదివాను. "తెరచి ఉన్న ప్రతి పుట ఒక అనుసంధానముగా పరిగణింపబడును" అన్న పంక్తి కూడా చదివాను. అర్థం కాలేదు. అర్థం కాలేదని టెస్‌ను అడగవలసింది. అడగలేదు.

ముప్పై ఏడవ రోజు, గురువారం

టెస్ వచ్చింది. బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"మాస్టారూ, ఆ కంపెనీ ఖాతాలోకి ఒక్కసారి వెళ్లనివ్వండి. లొరెయిన్ రాసింది ఎక్కడ ఆగిందో చూస్తాను."

"తాళపుమాట కనబడడం లేదు," అన్నాను.

"మీరు ఏ కాగితమూ పారెయ్యరు మాస్టారూ. నా ఎనిమిదో తరగతి జవాబు పత్రాలు కూడా మీ అటక మీదే ఉంటాయి."

"వెతుకుతాను."

"శనివారం లోపు వెతకండి. శనివారం దాటితే దొరికినా లాభం లేదు." మెట్లు దిగుతూ వెనక్కి తిరిగింది. "ఈలోగా ఒక పని చేశాను, తిట్టకండి. అద్దె యంత్రం ఒకటి నా పేరు మీద తీసుకుని సందేశాలు దాంట్లోకి మార్చేస్తున్నాను. రేపు సాయంత్రానికి అయిపోతుంది. అందరూ బండికి రెండు తెరలు తెరుచుకున్నా పట్టేంత చోటుంది."

"సంఘం తీర్మానం లేకుండానా?"

"అవును మాస్టారూ. తీర్మానం లేకుండానే."

వెళ్లిపోయింది. నేను అరవవలసింది. అరిచే ఓపిక లేక తలుపు వేసుకున్నాను. తాళపుమాట వ్రాసిన చీటీ నా చొక్కా జేబులోనే ఉన్నది.

ముప్పై ఎనిమిదవ రోజు

ఉదయం నుండి మూడు చిత్తుప్రతులు వ్రాశాను. మొదటిది: "కొన్ని తెరలకు సందేశములు అందకపోవుట సంభవించినది." రెండవది: "ఎంపికలో లోపము జరిగి ఉండవచ్చును." మూడవది రెండు పుటలు, అందులో కంపెనీ మీద ఒక పేరా, సభ్యుల అలవాట్ల మీద ఒక పేరా. మూడింటిలోనూ తప్పులు లేవు. మూడింటిలోనూ నేను కూడా లేను.

పొయ్యిలో వేశాను.

వెర్నా తలుపు దగ్గర నిలబడింది. "ఏం తగలబెడుతున్నావురా?"

కూర్చోబెట్టి చెప్పాను. జాబు చూపించాను. మన ఇంట్లో నాలుగు తెరలని కూడా చెప్పాను.

"నావి మూడు," అన్నది.

"నీకెవరూ చెప్పలేదు. నాకు చెప్పారు."

ఆమె తన ఫోను తీసి ఆ పేజీ మూసింది, లేచి వంటగదిలోకి వెళ్లింది, కుట్టుగదిలోకి వెళ్లింది. తిరిగి వచ్చి నా ఎదుట కూర్చున్నది.

"ఆస్పత్రికి ఫోను చేసి చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ముందు సంఘానికి."

"ముందు దానికిరా! అది కళ్ల డాక్టరు కోసం పేరు రాయించుకుందట ఇవాళ."

చేశాను. లొరెయిన్ ఎత్తింది. నేను చెప్పవలసిందంతా చెప్పాను, ఎక్కడా సర్దలేదు.

"అయితే నేను చూశానన్నమాట," అన్నది.

"చూశావు."

"ఇంకోసారి చెప్పండి మాస్టారూ."

"నువ్వు చూశావు, లొరెయిన్."

"నా కాలివేళ్లు మూడయ్యాయి, తెలుసా?"

"తెలియదు."

"తెలుసుకోండి మరి." ఫోను పెట్టేసింది. క్షమించాననలేదు. అనవలసిన అవసరమూ లేదు.

ముప్పై తొమ్మిదవ రోజు, శనివారం

సభకు పంపిన జాబు. నకలు ఇక్కడ ఉంచుతున్నాను.

మంచుదారి సంఘం సభ్యులకు,

నమస్కారం. ఈ ఉదయం లొరెయిన్ దుషేన్ అనుమతి రద్దు చేయాలా వద్దా అని మీరు ఓటు వేయబోతున్నారు. అంతకంటే ముందు మీరు వినవలసినది ఒకటి ఉన్నది.

లొరెయిన్ పలక చూసింది. బయలుదేరానని పలక మీద వ్రాసింది కూడా. ఆ వేళకు మన ఇళ్లలో వంద తెరలు తెరిచి ఉన్నాయి, వందకు మించి ఆ కంపెనీ ఒప్పుకోదు. కనుక ఓరిన్ మాట ఆమెకు అందలేదు, ఆమె మాట మనకు అందలేదు. కంపెనీ పంపిన లెక్క దీనితో జతచేశాను. ఆ వందలో నాలుగు నా ఇంటివి.

ఆ కంపెనీని ఎంచింది నేను. వారి పుస్తకంలో వాక్యాలు బాగున్నాయని ఎంచాను. ఇలా జరుగుతుందని టెస్ బెలాంజె ఈ గదిలోనే, మీ అందరి ఎదుటే చెప్పింది. నేను ఆమెను ఎగతాళి చేసి కూర్చోబెట్టాను. పంతొమ్మిదవ రోజున హెచ్చరిక వచ్చింది. చదివి దాచాను. ప్రమాదం జరిగిన తరువాత రెండవ జాబు వచ్చింది. మూడు రోజులు తెరవలేదు. తెరిచిన తరువాత కూడా టెస్ అడిగితే అబద్ధం చెప్పాను. లొరెయిన్ మతిమరుపు మనిషి అని మీలో కొందరు అనుకున్నారు. అలా అనుకోవడం అందరికంటే నాకే సుఖంగా ఉండింది.

మూసిన దారి దాటినవారి మీద నియమం వ్రాసినవాడిని కూడా నేనే. దారి మూశారన్న మాట ఆమెకు చేరలేదు కనుక ఆ నియమం ఆమెకు వర్తించదు. నా పదవి సంగతి మీరు తరువాత తేల్చుకోవచ్చు. ముందు ఆమెది తేల్చండి. టెస్ నిన్న సందేశాలను అద్దె యంత్రంలోకి మార్చింది. దానికి తీర్మానం లేదు. దయచేసి ఈ రోజు చేయండి.

నేను రెండవ వరుసలో కూర్చొని ఉంటాను. లేచి చదవగలనో లేదో నాకు తెలియదు. అందుకని ఈ జాబును టెస్ చదవాలని నా మనవి. ఎక్కడైనా ఆమె ఆగితే, తడబడితే, పలుకు తప్పితే ఎవరూ సరిచేయవద్దు. నేను సరిచేయను.

ఆసుపత్రి నుండి లొరెయిన్ ఫోనులో వింటూ ఉంటుంది. ఫోనును బల్ల మధ్యన పెట్టి, ఆమెకు వినిపించేటంత గట్టిగా చదవండి. "లొరెయిన్ పలక చూసింది" అన్న వాక్యం దగ్గర ఆగి, దానిని మరొకసారి చదవండి.